మాస్టారికో ఉత్తరం: థీసిస్ అయ్యేదాకా పల్లీ సభకు వెళ్ళకూడదా?

ప్రశ్న: మాస్టారూ, సైంటిస్టు ప్రధానమంత్రి కావచ్చా? కాలేరని మా క్లాసులో పందెం కట్టారు.
— పదో తరగతి విద్యార్థి, గుణుపురం

కావచ్చు నాయనా. జర్మనీకి 2005 నుంచి 2021 దాకా చాన్సలర్‌గా ఉన్న ఆంగెలా మెర్కెల్ క్వాంటమ్ కెమిస్ట్రీలో డాక్టరేట్ చేశారు. చాన్సలర్ అంటే అక్కడ మన ప్రధానమంత్రి లాంటి పదవే. తూర్పు బెర్లిన్‌లో పరిశోధన చేసుకుంటున్న ఆవిడ 1989లో బెర్లిన్ గోడ కూలాక రాజకీయాల్లోకి వచ్చారు. బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ కూడా ఆక్స్‌ఫర్డ్‌లో కెమిస్ట్రీ చదివి కొన్నాళ్ళు కంపెనీల్లో కెమిస్టుగా పనిచేశారు. పందెం నీదే. ఇదే సంగతి మీద మీ పక్కనుంచే ఇంకో ఉత్తరం వచ్చింది. ఈసారి మిగతా చోటంతా దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది కాశీనగరం దగ్గర పల్లె. నాకు 26 ఏళ్ళు. పీహెచ్‌డీ మూడో ఏడు. కొండవాలు మీద ఎంత వాన పడితే మట్టి జారడం మొదలవుతుందన్నది నా పని. 2018లో తిత్లీ తుఫానప్పుడు డిగ్రీలో ఉన్నాను. మన కొండల్లో జరిగింది చూశాకే ఈ సబ్జెక్టు తీసుకున్నాను. నాలుగు సవర గిరిజనుల ఊళ్ళలో వాన కొలిచే రెయిన్ గేజ్‌లు పెట్టాను. ఏ వాలు కింద ఎన్ని ఇళ్ళున్నాయో మ్యాప్ గీసి ఒక ఆఫీసులో ఇస్తే, అక్కడి అధికారి "ఇది బయటికొస్తే రాజకీయం అవుతుందమ్మా, నీ దగ్గరే ఉంచుకో" అని తిరిగి ఇచ్చేశారు. మా గైడ్ కూడా "ముందు పేపర్లు రాయి, ఊరి మీటింగులు తర్వాత" అంటున్నారు. నాకేమో చిన్నప్పటినుంచీ రాజకీయాలంటే ఇష్టం. ఓట్ల లెక్కింపు రోజు తాతయ్య పక్కన కూర్చుని నియోజకవర్గాల పట్టిక నేనే రాసేదాన్ని. ఈసారి పంచాయతీ ఎన్నికల్లో నిలబడమని ఊళ్ళోవాళ్ళు అడుగుతున్నారు. నాన్నగారు "చదువుకున్నదానివి, ఈ బురద నీకెందుకు" అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. సైన్సు, రాజకీయం, రెండిట్లో ఏది వదలాలి? మా గేజ్ ఫొటో ఒకటి పంపుతున్నాను.
— పేరు వద్దు, గజపతి జిల్లా

అమ్మా, ఏదీ వదలక్కర్లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, కాస్త స్తిమితంగా మిగతాది చదువుతావని.

మొదట ఆ అధికారి అన్న మాట చూద్దాం. మ్యాప్ బయటికొస్తే రాజకీయం అవుతుందన్నారు. నిజమే, అవుతుంది. ఫలానా వాలు కింద పదిహేను ఇళ్ళున్నాయని నీ మ్యాప్ చెబుతుంది. ఆ ఇళ్ళవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి? స్థలం ఎవరిస్తారు? పోడు, జీడిమామిడి తోట వదిలి కిందికి రమ్మంటే వాళ్ళేం తినాలి? వీటికి జవాబు నీ మట్టి శాంపిళ్ళలో దొరకదు. నలుగురూ కూర్చుని, మాటామాటా అనుకుని తేల్చుకోవాల్సినవి. రాజకీయమంటే అసలు అర్థం అదే కదా. ఆయన జరగబోయేది సరిగ్గానే చూశారు. దానికి భయపడి కాగితం దాచమనడం దగ్గర నాకు ఒప్పుదల లేదు. బరాఘర ఊరివాళ్ళు తిత్లీ వానకు గుహలో తలదాచుకుంటే కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా పోయారు. తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, ప్రాణాలు పోయింది కొండల్లో. భారీ వర్షమని జిల్లా మొత్తానికి ఇచ్చే హెచ్చరిక ఏ గెడ్డ (కొండవాగు) పొంగుతుందో, ఏ వాలు జారుతుందో చెప్పదు. అది చెప్పే ప్రయత్నం చేస్తున్న పిల్లవు నువ్వు. ఆ కాగితం నీ ట్రంకుపెట్టెలో ఉండకూడదు.

సైన్సు ఒక ఒడ్డు, రాజకీయం ఇంకో ఒడ్డు అనుకునేవాళ్ళకు నేను మన ఒడిశా తుఫాన్లనే చూపిస్తాను. 1999 అక్టోబరు 29న పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్ తీరం దాటింది. దాదాపు పదివేల మంది చనిపోయారు. తుఫాను వస్తోందని అప్పుడూ చెప్పారు. కానీ వెళ్ళి తలదాచుకోవడానికి చాలినన్ని షెల్టర్లు లేవు, కదిలించే ఏర్పాటు లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి నేను బరంపురంలో మా అక్కగారింట్లో ఉన్నాను. తలుపుకి బల్ల అడ్డం పెట్టి, దానికి వీపు ఆనించి మా బావగారూ నేనూ తెల్లవార్లూ కూర్చున్నాం. పొద్దున్న బయటికి వస్తే వీధిలో ఒక్క చెట్టూ నిలబడి లేదు. అంత గాలికి కూడా రాష్ట్రంలో చనిపోయినవాళ్ళు వందలోపే. ముందే దాదాపు పది లక్షల మందిని తరలించారు. ఈ పద్నాలుగేళ్ళలో ఉపగ్రహాలూ లెక్కలూ మెరుగయ్యాయి, అది సైన్సు. షెల్టర్లు కట్టారు, సహాయక దళాలను తయారు చేశారు, డబ్బు కేటాయించారు. ఇది ఎవరో బడ్జెట్‌లో పట్టుబట్టి రాయిస్తే జరిగింది. రెండూ కలిస్తేనే మా అక్క పక్కింటి పసిబిడ్డ బతికింది.

ఇక నీలాంటి మనిషి ఒకాయన సంగతి చెబుతాను. భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా. ఢాకా దగ్గర పల్లెలో, చిన్న కిరాణా కొట్టు నడుపుకునే ఇంట్లో 1893లో పుట్టారు. 1905లో గవర్నర్ రాకకు నిరసనగా పిల్లలు చేసిన దాంట్లో ఉన్నందుకు స్కూలు నుంచి తీసేశారు, స్కాలర్‌షిప్పూ పోయింది. అంటే ఆయన రాజకీయం స్కూల్లోనే మొదలైంది. అయితే 1920లో, సరిగ్గా నీ వయసులో, ఆయన చేసిన పని ఏమిటో చూడు. నక్షత్రం వేడికి అక్కడి పరమాణువుల్లోంచి ఎలక్ట్రాన్లు ఎంతమేరకు ఊడిపోతాయో లెక్కగట్టే సమీకరణం ఇచ్చారు. నక్షత్రం వెలుగులోని గీతలు చూసి దాని ఉష్ణోగ్రత చెప్పే దారి దాంతో తెరుచుకుంది. ముప్ఫై మూడేళ్ళు క్లాసులో ఆ సమీకరణం బోర్డు మీద రాశాను. రాసిన ప్రతిసారీ ఒళ్ళు పులకరించేది.

ఆ తర్వాత ఆయన నక్షత్రాల దగ్గరే ఉండిపోలేదు. బెంగాల్ వరదలు ఆయన మనసులో ఉన్నాయి. 1943లో దామోదర్ నది పొంగినప్పుడు విచారణ కమిటీలో ఉండి, నది మొత్తాన్నీ ఒక్కటిగా చూడాలని వాదించారు. 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ వచ్చింది. 1952లో కలకత్తా నుంచి స్వతంత్ర అభ్యర్థిగా, వామపక్షాల మద్దతుతో లోక్‌సభకు గెలిచారు. అణుశక్తి పనులు రహస్యంగా ఉండకూడదని నెహ్రూ ముందే సభలో వాదించారు. 1956 ఫిబ్రవరిలో ఢిల్లీలో ప్లానింగ్ కమిషన్ ఆఫీసుకు నడిచి వెళ్తూ దారిలో పడిపోయి ప్రాణం విడిచారు.

ఆయన జీవితంలో నేను ఎక్కువగా తలుచుకునేది మాత్రం క్యాలెండర్ కథ. ఉత్తరాయణం నిజంగా మొదలయ్యేది డిసెంబరు 22 ప్రాంతంలో. మనం సంక్రాంతి జనవరి 14న చేసుకుంటాం. పంచాంగంలో వందల ఏళ్ళుగా పేరుకున్న ఈ తేడాను సరిచేయాలని ప్రభుత్వం వేసిన కమిటీకి సాహాయే అధ్యక్షుడు. దాని ఫలితంగా 1957 మార్చి 22 నుంచి జాతీయ క్యాలెండర్ అమల్లోకి వచ్చింది. గెజిట్ మీద ఉంటుంది, ఆకాశవాణిలో వినిపిస్తుంది. మరి మీ ఇంట్లో భోగిమంట తేదీ మారిందా? లెక్క నూటికి నూరుపాళ్ళు ఆయనదే సరైనది. కానీ పండగ లెక్కతో పాటు అమ్మమ్మతో, కోతలతో, ఊరివాళ్ళతో ముడిపడి ఉంటుంది. ప్రయోగశాలలో నీ మాట నిజమైతే చాలు, ఎదుటివాడికి ఇష్టమున్నా లేకున్నా నిలబడుతుంది. ఊళ్ళో నిజమైతే సరిపోదు, అవతలివాళ్ళు దాన్ని తమదిగా తీసుకోవాలి. సైన్సు నుంచి రాజకీయంలోకి వచ్చేవాళ్ళు కాలు జారేది ఇక్కడే. నేనూ జారాను.

ఆ సంగతీ చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, పర్లాకిమిడిలో మా వీధి చివరి చెరువును పూడ్చి షాపులు కట్టాలని ప్లాన్ వేశారు. ఏడాది పాటు వెదురుబొంగు మీద గుర్తులు పెట్టి చెరువు లోతు కొలిచాను. మేడ మీద రెయిన్ గేజ్ ఉండేది, రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకు వాన రాసుకునేవాణ్ణి. వార్డు మీటింగుకు గ్రాఫులు పట్టుకెళ్ళి అరగంట మాట్లాడాను. ఒక మిల్లీమీటరు వానంటే చదరపు మీటరుకు లీటరు నీళ్ళని మొదలుపెట్టి చెరువు పట్టే ఘనపు మీటర్లదాకా వెళ్ళాను. జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. చివర్లో చేపలమ్మే ఒక ముసలమ్మ నిలబడి, "బాబూ, అది పూడిస్తే నా గుమ్మంలో నీళ్ళు ఎన్ని మెట్లు ఎక్కుతాయి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఏడాది కొలిచినవాణ్ణి ఆమె గుమ్మం కొలవలేదు.

మర్నాడు తాపీమేస్త్రి దగ్గర నీళ్ళ పైపు అడిగి తెచ్చాను. మీ ఇల్లు కట్టినప్పుడు చూసే ఉంటావు, పారదర్శకంగా ఉండే సన్నటి ప్లాస్టిక్ పైపు. నీళ్ళు నింపి ఒక చివర చెరువు గట్టు దగ్గర, ఇంకో చివర ఇంటి గుమ్మం దగ్గర పట్టుకుంటే రెండు వైపులా నీళ్ళు ఒకే మట్టానికి వచ్చి నిలబడతాయి. మధ్యలో గాలి బుడగ ఉంటే లెక్క తప్పుతుంది, వేలితో తట్టి తట్టి తరిమేయాలి. ఇద్దరు విద్యార్థులు ఒక చివర, నేను ఒక చివర, రెండు ఆదివారాలు వీధి మొత్తం తిరిగాం. పెద్ద వానకు చెరువు లేకపోతే నీళ్ళు వచ్చే మట్టం లెక్కగట్టి ప్రతి ఇంటి మెట్టు మీదా సున్నంతో గీత గీశాం. ముసలమ్మ ఇంటికి మూడో మెట్టు. తర్వాతి మీటింగుకు నేను ఒక్క గ్రాఫూ పట్టుకెళ్ళలేదు. ఆ గీతలు చూసుకుని వీధంతా వచ్చింది. చెరువు సగం మిగిలింది. సగం పోయినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అడగాల్సిన మనిషిని మొదటి మీటింగుకు ముందే అడిగి ఉంటే మొత్తం దక్కేదేమో.

అందుకే నిన్ను ఒకటి అడుగుతాను. నీ గేజ్‌లున్న ఊళ్ళలో జనం సవర మాట్లాడతారు. నీకు వచ్చా? మన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు ఒక సవరాయన్ని ఇంటికి పిలిపించుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలెక్కి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వల్ల చెవుడు వచ్చినా మానలేదు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. అది భాషాశాస్త్రం. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టించడం, తెలుగువాళ్ళకు వాడుక భాషలో పుస్తకాలుండాలని ఊరూరా పోరాడటం, ఇది రాజకీయం కాక మరేమిటి? 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చినప్పుడు, దానికి నిరసనగా ఆ వయసులో ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయన పార్టీ కండువా వేసుకున్నారా లేదా అని ఎవరూ అడగరు. విని రాసుకున్నాకే మాట్లాడిన మనిషి.

నువ్వు కూడా మ్యాప్ చేతికిచ్చేముందు వాళ్ళను అడుగు. ఏ గెడ్డ ముందు ఎర్రబారుతుంది? ఏ చెట్టు వంగింది? పెద్దవాళ్ళు ఏ ఏడాది ఎక్కడికి పరిగెత్తారు? వాళ్ళు చెప్పింది నీ నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకో. తర్వాత గేజ్ సీసా మీద రెండు పట్టీలు అంటించు. నీళ్ళు పసుపు దాకా వస్తే ఆ రాత్రి ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి, ఎరుపు దాటితే అందరూ లేచి బడికి వెళ్ళాలి. ఆ అంకెలు ఎంతవరకు నమ్మదగినవో వాళ్ళకు దాచకుండా చెప్పు. కొన్నిసార్లు ఎరుపు దాటినా కొండ జారదు. అప్పుడు మర్నాడే వెళ్ళి, "రాత్రి మిమ్మల్ని లేపింది నా లెక్క, ఇదిగో ఎక్కడ తేడా వచ్చిందో" అని చెప్పాలి. అలా చెప్పిన మనిషి మాటే రెండోసారి వింటారు.

ఇప్పుడు నిలబడే సంగతి. ఒడిశాలో సర్పంచికి, వార్డు మెంబరుకు పార్టీ గుర్తులు ఉండవు, జిల్లా పరిషత్తుకు ఉంటాయి. సర్పంచిగా నిలబడాలంటే 21 నిండాలి, ఒడియా చదవడం రాయడం వచ్చి ఉండాలి. మన తెలుగిళ్ళలో చాలామంది సంతలో గడగడా మాట్లాడేస్తారు, కాగితం చేతికిస్తే ఆగిపోతారు. నీకు రాకపోతే ఇవాళే మొదలుపెట్టు. ఎన్నికలు కాకపోయినా ఒడియాలో రాసిన అర్జీకి ఉండే బరువు వేరు. ఫెలోషిప్ మీదున్న పరిశోధక విద్యార్థి ఉద్యోగి కాదు కాబట్టి నీకు మీ సంస్థ రూల్సే ముఖ్యం, అవి తెప్పించుకుని స్వయంగా చదువు. రేపు కేంద్ర ప్రభుత్వ ల్యాబులో చేరితే మాత్రం 1964 ప్రవర్తనా నియమావళి అడ్డొస్తుంది. ఓటేయవచ్చు, పార్టీలో చేరకూడదు, ప్రచారం చేయకూడదు, పోటీ చేయకూడదు. సాహా యూనివర్సిటీ మనిషి కాబట్టి పార్లమెంటుకు వెళ్ళగలిగారు. ఉద్యోగం ఎంచుకునేటప్పుడే ఇది గుర్తుపెట్టుకో.

నా సలహా అడిగావు కాబట్టి సూటిగా చెబుతున్నాను. ఈసారి పోటీ చేయకు, థీసిస్ పూర్తిచెయ్యి. గైడ్ కోసం కాదు, ఆ అంకెలు నలుగురు నిపుణులు గుచ్చిగుచ్చి చూసి ఒప్పుకున్నవైతే ఏ ఆఫీసులోనూ ఎవరూ తిప్పికొట్టలేరు. కానీ ఈ ఫిబ్రవరిలో పల్లీ సభ, అంటే ఊరి ఓటర్లంతా కూర్చునే సభ, జరుగుతుంది. దానికి తప్పకుండా వెళ్ళు. ఓటరువు కాబట్టి మీ ఊరి సభలో మాట్లాడే హక్కు నీకుంది. గేజ్‌లున్న ఊళ్ళలో మాత్రం నువ్వు మాట్లాడొద్దు, అక్కడివాళ్ళే ఎవరైనా సీసా పట్టుకుని లేచి చెప్పేలా చూడు. వాళ్ళు చెబితే తీర్మానం పుస్తకంలోకి ఎక్కుతుంది. ఎప్పటికైనా పార్టీలో చేరితే, నీ పార్టీకి నష్టం కలిగించే వానని కూడా అదే నోట్‌బుక్‌లో అదే సిరాతో రాయి. అది చేయలేననిపించిన రోజు ఆ రెండిట్లో ఒకటి వదిలెయ్. వదలాల్సింది ఏదో నీకే తెలుస్తుంది.

నాన్నగారి మీద కోపం పెట్టుకోకు. ఆయన బురద అన్నది నిన్ను ఎవరైనా మాటంటారన్న భయంతో. ఒక ఆదివారం ఆయన్ని కొండకు తీసుకెళ్ళు, గేజ్‌లో నీళ్ళు ఆయన చేతే కొలిపించు. వానని కొలిచిన మనిషికి ఆ కింద ఇళ్ళు ఎలాగూ కనిపిస్తాయి.

నువ్వు పంపిన ఫొటో భూతద్దం పెట్టి చూశాను. గేజ్ పక్కనే జీడిమామిడి చెట్టుంది, నా అంచనాకు నాలుగు మీటర్ల ఎత్తు. గేజ్ మూతికంటే చెట్టు ఎంత ఎత్తుందో దానికి కనీసం రెండింతల దూరం ఉండాలి. లేకపోతే గాలివాటానికి సగం వాన ఆకులకే పోతుంది, నీ అంకె తగ్గుతుంది, ఎరుపు పట్టీ ఆలస్యంగా తడుస్తుంది. చెట్టు ఎవరిదో వాళ్ళకు అది తిండి, దాన్ని కొట్టించకు. గేజ్‌నే ఎనిమిది మీటర్ల అవతలికి జరుపు. జరిపిన తేదీ నోట్‌బుక్‌లో రాసి, ఆ తర్వాత పడిన మొదటి పెద్ద వాన అంకె నాకు పంపు.